'డెసిషన్ టు' చెల్లింది, 'డిఫికల్టీ టు' ఎందుకు చెల్లలేదు: ఒక థీసిస్ దిద్దుబాటు కేస్ స్టడీ

ఇతరులు ఇంగ్లీష్‌లో రాసుకున్న థీసిస్‌లు, రిపోర్టులు, పేపర్లు దిద్దిపెట్టడం నా పని. ఈ కేసు ఒక పరిశోధక విద్యార్థినిది. ఇంగ్లీష్ బాగానే వచ్చిన మనిషి, టెన్స్‌ల దగ్గర తడబడదు, ఆర్టికల్స్ చాలావరకు సరిగ్గానే వేస్తుంది, వాక్యం ఎంత పొడుగైనా దారి తప్పదు. అయినా గైడ్ దగ్గర్నుంచి ప్రతి అధ్యాయమూ మార్జిన్‌లో 'ఆక్వర్డ్' అన్న ఒకే మాటతో తిరిగొచ్చేది. ఎందుకు ఆక్వర్డో రాసేవారు కాదు. ఆమె థెసారస్ (పర్యాయపదాల నిఘంటువు) ముందు పెట్టుకుని మాటలు మార్చేది, మాటలు మారేవి కానీ ఆక్వర్డ్ మాత్రం అక్కడే ఉండేది.

ఆ గుర్తు పడ్డ వాక్యాలన్నీ ఒక ఫైల్‌లోకి లాగి ఒకదాని కింద ఒకటి పెట్టి చూస్తే సగానికి పైగా వాక్యాలది ఒకే జబ్బు. 'వుయ్ హ్యాడ్ డిఫికల్టీ టు కలెక్ట్ ది డేటా.' 'దేర్ ఈజ్ ఎ పాసిబిలిటీ టు గెట్ రాంగ్ ఆన్సర్స్.' 'స్టూడెంట్స్ హ్యావ్ ది హ్యాబిట్ టు స్కిప్ లాంగ్ క్వశ్చన్స్.' 'ది రిస్క్ టు లూజ్ పార్టిసిపెంట్స్ వాజ్ హై.' అన్నిట్లోనూ ఒక నామవాచకం, దాని వెనకే టు, ఆ వెనక క్రియ. అర్థం ఎక్కడా చెడలేదు, చదివినవాడికి విషయం తెలుస్తుంది. కానీ ఇంగ్లీష్ పుట్టుకతో వచ్చినవాళ్లు ఈ నాలుగు నామవాచకాల వెనక ఇలా టు పెట్టరు. 'డిఫికల్టీ కలెక్టింగ్' లేదా 'డిఫికల్టీ ఇన్ కలెక్టింగ్', 'పాసిబిలిటీ ఆఫ్ గెటింగ్', 'హ్యాబిట్ ఆఫ్ స్కిప్పింగ్', 'రిస్క్ ఆఫ్ లూజింగ్' అంటారు.

ఇక్కడిదాకా తేలికే. అసలు గొడవ రెండో డ్రాఫ్ట్‌తో మొదలైంది. ఎవరో స్నేహితురాలు 'నామవాచకం తర్వాత ఎప్పుడూ ఆఫ్ పెట్టి ఐఎన్‌జీ వాడు, సేఫ్' అని చెప్పిందట, ఈమె అధ్యాయం మొత్తం అలా మార్చేసింది. దాంతో మొదటి డ్రాఫ్ట్‌లో చక్కగా ఉన్నవి కూడా పోయాయి. 'ది డెసిషన్ టు స్టాప్ ది సర్వే' కాస్తా 'ది డెసిషన్ ఆఫ్ స్టాపింగ్ ది సర్వే' అయింది, 'ది ఎబిలిటీ టు రీడ్' వెళ్లి 'ది ఎబిలిటీ ఆఫ్ రీడింగ్' అయింది, 'దెయిర్ రెఫ్యూజల్ టు ఆన్సర్' వెళ్లి 'దెయిర్ రెఫ్యూజల్ ఆఫ్ ఆన్సరింగ్' అయి కూర్చుంది. ఒక్క సూత్రంతో అన్నీ సర్దేద్దామనుకుంటే ఇలాగే అవుతుంది, ఆ సూత్రం టు వైపు ఉన్నా ఆఫ్ వైపు ఉన్నా అంతే.

చాలా పుస్తకాల్లో క్రియలకు జాబితా ఇస్తారు: 'వాంట్, హోప్, డిసైడ్' వెనక టు, 'ఎంజాయ్, అవాయిడ్, ఫినిష్' వెనక ఐఎన్‌జీ. నామవాచకాల దగ్గరికి వచ్చేసరికి క్రియకు ఏది వర్తిస్తే దాని నామవాచకానికీ అదే అనుకుని అందరూ ముందుకెళ్లిపోతారు. కొన్నిచోట్ల అది నిజమే కూడా. డిసైడ్ టు, డెసిషన్ టు. రెఫ్యూజ్ టు, రెఫ్యూజల్ టు. ఫెయిల్ టు, ఫెయిల్యూర్ టు. టెండ్ టు, టెండెన్సీ టు. విశేషణాల నుంచి వచ్చినవి కూడా కొన్ని ఇలాగే నడుస్తాయి: ఏబుల్ టు, ఎబిలిటీ టు, విల్లింగ్ టు, విల్లింగ్‌నెస్ టు, రిలక్టెంట్ టు, రిలక్టెన్స్ టు. ఇంతవరకు చూసి నమ్మేస్తే మునిగినట్టే, ఎందుకంటే 'హోప్ టు విన్' అనే క్రియకు నామవాచకంలో 'హోప్ ఆఫ్ విన్నింగ్' వస్తుంది, 'ప్రిఫర్ టు వర్క్ ఎలోన్' అనేవాడి ఇష్టం 'ప్రిఫరెన్స్ ఫర్ వర్కింగ్ ఎలోన్' అవుతుంది, 'లైక్లీ టు ఫెయిల్' నుంచి 'లైక్లీహుడ్ ఆఫ్ ఫెయిలింగ్' వస్తుంది, 'డిఫికల్ట్ టు కలెక్ట్' నుంచి 'డిఫికల్టీ ఇన్ కలెక్టింగ్'. మన విద్యార్థిని తప్పుల్లో డిఫికల్టీ, పాసిబిలిటీ సరిగ్గా ఈ రెండో గుంపులోవే. ఆమె 'డిఫికల్ట్ టు', 'పాసిబుల్ టు' అని వేలసార్లు చదివి ఉంటుంది, అవి తప్పు కాదు, ఆ అలవాటు నామవాచకం దాకా పాకింది, అంతే.

రెండో కారణం తెలుగు. మనం క్రియను నామవాచకానికి ముందు తెచ్చి 'చేసే' అని పెట్టేస్తాం, పని అయిపోతుంది: చేసే హక్కు, చేసే అలవాటు, చేసే ప్రమాదం, చేసే సత్తా, చేసే పద్ధతి. ఇంగ్లీష్‌లో ఇవి రెండు మూడు దారుల్లో చీలిపోతాయని ఆ ఒక్క 'చేసే' మనకు చెప్పదు. అయితే తెలుగు ఉత్త అడ్డంకే అనుకోవద్దు, కాస్త గమనిస్తే సాయం కూడా చేస్తుంది. 'చేయాలనే' అని వచ్చే చోట్ల ఇంగ్లీష్‌లో ఎక్కువగా టు పడుతుంది: చేయాలనే నిర్ణయం, చేయాలనే కోరిక, చేయాలనే పట్టుదల, అంటే డెసిషన్ టు, డిజైర్ టు, డిటర్మినేషన్ టు. 'చేయడంలో' అని వచ్చే చోట్ల ఇన్ పెట్టి ఐఎన్‌జీ: చేయడంలో ఇబ్బంది, అనుభవం, ఆలస్యం, ఆసక్తి. డిఫికల్టీ ఇన్, ఎక్స్‌పీరియన్స్ ఇన్, డిలే ఇన్, ఇంటరెస్ట్ ఇన్, నాలుగూ కుదిరాయి చూడండి. ఎక్కడ బెడిసికొడుతుందంటే 'చేయాలనే ఆలోచన', 'చేయాలనే కల' దగ్గర. ఐడియా, డ్రీమ్ రెండూ ఆఫ్ వైపు వెళ్లిపోయాయి. 'చేసే' అని మాత్రమే వచ్చేవాటికి ఏ ఆధారమూ దొరకదు, వాటిని ఒక్కొక్కటిగా నేర్చుకోవాల్సిందే.

కార్పస్ తీసిన రోజు

ఆమెకు జాబితా ఇచ్చి పంపేయొచ్చు. కానీ థీసిస్ రాసే మనిషికి రేపు జాబితాలో లేని నామవాచకం తగులుతుంది, అప్పుడేం చేస్తుంది? అందుకని కోకా అనే అమెరికన్ ఇంగ్లీష్ కార్పస్ (నిజంగా వాడిన వాక్యాలను పోగేసి వెతుక్కునేలా పెట్టిన భాండారం) తెరిచి పక్కపక్కన కూర్చుని వెతికాం. 1990 నుంచి 2019 దాకా అచ్చయిన, ప్రసారమైన అమెరికన్ ఇంగ్లీష్ నుంచి పోగుచేసిన 100 కోట్ల పైచిలుకు పదాలు అందులో ఉన్నాయి. ఒక నామవాచకం, దాని వెనక టు, ఆ వెనక క్రియ మూలరూపం అని అడిగితే వరసలు వరసలుగా వాక్యాలు వస్తాయి. బ్రిటిష్ ఇంగ్లీష్ కావాలంటే 10 కోట్ల పదాల బీఎన్‌సీ (బ్రిటిష్ నేషనల్ కార్పస్) ఉంది, అందులో ఎక్కువ భాగం గత శతాబ్దం చివరిది.

మొదట 'మిస్టేక్' అని కొట్టింది, 'మిస్టేక్ టు' బోలెడన్ని వచ్చాయి. చూడండి, టు ఉందిగా అంది. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. ఆ వరసల్లో ఎడమవైపు చూడమన్నాను. అన్నీ 'ఇట్ వాజ్ ఎ మిస్టేక్ టు ట్రస్ట్ హిమ్', 'ఇట్ వుడ్ బీ ఎ మిస్టేక్ టు అజ్యూమ్' లాంటివే. వీటిలో టు నామవాచకానికి చెందింది కాదు, మొత్తం వాక్యానికి చెందింది. 'టు ట్రస్ట్ హిమ్ వాజ్ ఎ మిస్టేక్' అని ముందుకు తిప్పి చూస్తే నిలబడుతుంది, మొదట్లో ఉన్న 'ఇట్' ఖాళీ కుర్చీ మాత్రమే. అదే మిస్టేక్‌ను 'మేడ్' పక్కన పెడితే 'హి మేడ్ ది మిస్టేక్ ఆఫ్ ట్రస్టింగ్ హర్' అవుతుంది, అక్కడ టు పెట్టడానికి లేదు. 'ఇట్ వాజ్ ఎ ప్లెజర్ టు మీట్ యూ', కానీ 'ది ప్లెజర్ ఆఫ్ మీటింగ్ యూ'. 'ఇట్ వాజ్ హర్ ఐడియా టు గో', కానీ 'ది ఐడియా ఆఫ్ గోయింగ్'. 'మై డ్రీమ్ ఈజ్ టు టీచ్' అన్నప్పుడు కూడా ఈజ్ మధ్యలో ఉంది కాబట్టి టు చెల్లింది, ఈజ్ తీసేస్తే 'మై డ్రీమ్ ఆఫ్ టీచింగ్' అవుతుంది. బాగా చదివేవాళ్లే ఈ తప్పు ఎక్కువ చేస్తారని నా అనుభవం, ఎందుకంటే వాళ్ల చెవిలో 'డ్రీమ్', 'మిస్టేక్', 'టు' ఒకే వాక్యంలో పదేపదే మోగి ఉంటాయి, మధ్యలో ఏముందో గుర్తుండదు.

తర్వాత 'చాన్స్'. ఆ రోజు ఎక్కువసేపు దీని మీదే గడిచింది. ఇందులో టు, ఆఫ్ రెండూ వస్తాయి, అర్థాలు వేరు. 'చాన్స్ టు' అంటే దొరికిన అవకాశం, మనిషి వాడుకోదగ్గది. 'చాన్స్ ఆఫ్' అంటే జరిగే సంభావ్యత. ఆమె అధ్యాయంలో 'ఓల్డర్ పేషెంట్స్ హ్యావ్ ఎ హయ్యర్ చాన్స్ టు డై' అని ఉంది. ఆ 'టు' వల్ల, పెద్దవయసు రోగులకు చనిపోయే సదవకాశం ఇంకాస్త మెరుగ్గా ఉంది అన్నట్టు ధ్వనిస్తోంది. 'చాన్స్ ఆఫ్ డయింగ్' అని మార్చి, నేను వివరించబోయేలోపే ఆమె పడీపడీ నవ్వింది. ఈ ఒక్క వాక్యంతో అప్పటిదాకా మేం మాట్లాడుకున్నదానికి ఒక ఆకారం వచ్చింది: ఇన్ఫినిటివ్ (టు, దాని వెనక క్రియ మూలరూపం) వెనకుంటే, ఆ పనిని ఎవరో చేయబోతున్నారు, చేయాలనుకుంటున్నారు, చేయగలరు, చేయనంటున్నారు అన్న భావం తరచుగా వస్తుంది. ఆఫ్, ఐఎన్‌జీ వస్తే ఆ పని ఒక సంఘటనగా, పేరు పెట్టి చూపించే వస్తువుగా మారుతుంది. ప్లాన్, ప్రామిస్, అటెంప్ట్, పర్మిషన్, రైట్ మొదటి వైపు. రిస్క్, డేంజర్, కాస్ట్, మెమరీ, లైక్లీహుడ్ రెండో వైపు.

ఇలాంటి జంటలు ఇంకా ఉన్నాయి. 'రీజన్ టు డౌట్' అంటే అనుమానించడానికి తగిన కారణం, 'రీజన్ ఫర్ లీవింగ్' అంటే వెళ్లిపోయినదానికి కారణం. 'ఎ వే టు సాల్వ్ ఇట్' అంటే ఉపాయం, 'హిజ్ వే ఆఫ్ టాకింగ్' అంటే అతను మాట్లాడే తీరు, దాన్ని 'హిజ్ వే టు టాక్' అనలేం. 'ఇంటెన్షన్'కు రెండూ పడతాయి, కానీ 'నో' చేరిందంటే 'నో ఇంటెన్షన్ ఆఫ్ లీవింగ్' వైపే మొగ్గు ఎక్కువ.

ఇంతలో ఆమె ఒక ప్రశ్న వేసింది, మంచి ప్రశ్న. టు అంటే ఇంకా జరగని పని అయితే 'ది ఫస్ట్ పర్సన్ టు వాక్ ఆన్ ది మూన్' సంగతేంటి, 1969లోనే జరిగిపోయిందిగా? 'ది ఫస్ట్ వుమన్ టు విన్ ఎ నోబెల్ ప్రైజ్', అది 1903. నిజమే, మేరీ క్యూరీ గెలిచేసింది, ఇంకా గెలవబోవడం ఏమీ లేదు. ఇది వేరే జాతి టు. 'ఫస్ట్, లాస్ట్, ఓన్లీ', సూపర్‌లేటివ్‌లు వచ్చినప్పుడు ఇన్ఫినిటివ్ 'హూ వాక్డ్' అనే రిలేటివ్ క్లాజ్ స్థానంలో వస్తుంది. 'పర్సన్' అనే మాటకు టు కావాలనే ఆకలి ఏమీ లేదు, 'పర్సన్ టు వాక్' అని ఒంటరిగా రాస్తే ఏదో తక్కువైనట్టే ఉంటుంది. 'డెసిషన్ టు స్టాప్'లో మాత్రం ఆ టు డెసిషన్ సొంతం.

పెన్ను, కుర్చీ, మాట్లాడటానికి విషయం

రిలేటివ్ జాతి టు దగ్గర మన తెలుగువాళ్ల తప్పు ఇంకొకటి, ఆమె రాతలోనూ ఉంది. 'దే హ్యాడ్ నో వన్ టు టాక్.' 'వుయ్ గేవ్ దెమ్ ఎ టాపిక్ టు డిస్కస్ అబౌట్.' మొదటిదాంట్లో ప్రిపోజిషన్ పోయింది, రెండోదాంట్లో అక్కర్లేనిది వచ్చింది. కిటుకు ఏంటంటే, ఆ నామవాచకాన్ని క్రియ వెనక పెట్టి మామూలు వాక్యం చేసి చూడాలి. 'టాక్ టు సమ్‌వన్' కాబట్టి 'నో వన్ టు టాక్ టు', 'డిస్కస్ ఎ టాపిక్' కాబట్టి 'ఎ టాపిక్ టు డిస్కస్', 'రైట్ విత్ ఎ పెన్' కాబట్టి 'ఎ పెన్ టు రైట్ విత్', 'సిట్ ఆన్ ఎ చెయిర్' కాబట్టి 'ఎ చెయిర్ టు సిట్ ఆన్'. తెలుగులో కూర్చోడానికి కుర్చీ, రాయడానికి పెన్ను అంటాం, 'మీద', 'తో' ఎక్కడా కనిపించవు, అందుకే ఇంగ్లీష్‌లో చివర్న వేలాడే ఆ చిన్న మాట చేతికి రాదు. 'టైమ్', 'వే', 'ప్లేస్' లాంటివాటికి ఈ బాధ లేదు, 'టైమ్ టు గో', 'ఎ ప్లేస్ టు స్టే' అంటే సరిపోతుంది. 'మనీ టు బై మెడిసిన్' అన్నా చాలు, చివర్న 'విత్' తగిలించకపోయినా ఎవరూ అడగరు.

రెండు జాతులూ ఒకే రూపంలో ఉండటం వల్ల అప్పుడప్పుడూ అర్థం రెండుగా చీలుతుంది. 'జార్జ్ హ్యాజ్ ప్లాన్స్ టు లీవ్' అన్న వాక్యం మీద భాషావేత్తలు 1940ల నుంచి మాట్లాడుకుంటున్నారు. లీవ్ మీద ఊనిక పెడితే జార్జ్ వెళ్లిపోవాలనుకుంటున్నాడు, ప్లాన్స్ మీద పెడితే అక్కడ వదిలి వెళ్లాల్సిన నక్షాలేవో అతని చేతిలో ఉన్నాయి. మాట్లాడేటప్పుడు గొంతు తేల్చేస్తుంది. కాగితం మీద గొంతు ఉండదు కదా. ఆమె రాసిన 'వుయ్ రిసీవ్డ్ ఇన్‌స్ట్రక్షన్స్ టు ఫాలో' కూడా ఈ కోవదే, పాటించాల్సిన సూచనలు అందాయా, లేక ఎవరినో ఫాలో అవమని ఆదేశం వచ్చిందా? 'ఇన్‌స్ట్రక్షన్స్ విచ్ వుయ్ హ్యాడ్ టు ఫాలో' అని విప్పి రాయించాను.

పని ఎవరిది అన్న విషయంలో కూడా కాస్త జాగ్రత్త కావాలి. 'ప్రామిస్ టు పే'లో మాట ఇచ్చినవాడే చెల్లించాలి. 'పర్మిషన్ టు ఎంటర్'లో అనుమతి పొందినవాడు లోపలికి వెళ్తాడు, ఇచ్చినవాడు కాదు. 'రిక్వెస్ట్ టు లీవ్'లో ఎటైనా కావచ్చు, నేను వెళ్తానని అడిగానా, నిన్ను వెళ్లమని అడిగానా? ఇలాంటి చోట 'ఎ రిక్వెస్ట్ ఫర్ దెమ్ టు లీవ్' అని ఫర్ పెట్టి మనిషిని చూపిస్తే గొడవ లేదు. ఆమె మెథడ్స్ అధ్యాయంలో ఇవి రెండే ఉన్నాయి, ఇద్దరం కలిసి నిమిషాల్లో తేల్చేశాం.

టు వేషంలో ఉన్న ప్రిపోజిషన్

ఇది మిగిలినవాటికంటే మొండిది. 'పేరెంట్స్ హ్యాడ్ ఆన్ ఆబ్జెక్షన్ టు షేర్ దెయిర్ నంబర్స్' అని ఆమె రాసింది, గ్రామర్ చెకర్ కూడా ఏమీ అనలేదు. ఇక్కడి టు ఇన్ఫినిటివ్ గుర్తు కాదు, అచ్చమైన ప్రిపోజిషన్, దాని వెనక 'షేరింగ్' రావాలి. తేల్చుకోవడానికి క్రియ తీసేసి 'ఇట్' పెట్టి చూడమన్నాను. 'ఆబ్జెక్షన్ టు ఇట్' నడిచింది, కాబట్టి ఐఎన్‌జీ. 'డెసిషన్ టు ఇట్' నడవదు, కాబట్టి మూలరూపం. ఆపొజిషన్, రెసిస్టెన్స్, డెడికేషన్, 'ది కీ', 'విత్ ఎ వ్యూ' ఈ బాపతే. కానీ పరీక్ష అన్నిచోట్లా పనిచేయదు: 'కమిట్‌మెంట్'కు రెండూ వస్తాయి, 'కమిట్‌మెంట్ టు ఇంప్రూవ్', 'కమిట్‌మెంట్ టు ఇంప్రూవింగ్'. 'రైట్'కు కూడా రెండు టులు ఉన్నాయి, 'ది రైట్ టు వోట్'లో ఇన్ఫినిటివ్, 'ది రైట్ టు లైఫ్'లో ప్రిపోజిషన్.

'అప్రోచ్' దగ్గర మాత్రం మా ఇద్దరికీ వాదన జరిగింది. టెక్నికల్ పేపర్లలో 'ఆన్ అప్రోచ్ టు సాల్వ్ దిస్ ప్రాబ్లమ్' అని విరివిగా కనిపిస్తుంది, అది పనికోసం అన్న అర్థంలో చదువుకుంటే తప్పని కొట్టేయలేం. కార్పస్‌లో 'అప్రోచ్ టు సాల్వింగ్' అన్నదే నిండుగా, సహజంగా ఉంది. ఆమె తన రంగంలో అందరూ మూలరూపమే రాస్తారంది. థీసిస్ మొత్తంలో ఏదో ఒకటే ఉంచమన్నాను, 'సాల్వింగ్' ఎంచుకుంది. నేనైతే 'ఎ మెథడ్ ఫర్ సాల్వింగ్' అని రాసి ఈ తలనొప్పి లేకుండా చేసుకునేదాన్ని.

జాబితా బదులు ఆమె చేత ఒక ఫైల్ మొదలుపెట్టించాను. ఏ నామవాచకాన్నీ ఒంటరిగా రాసుకోకూడదు, తోకతో సహా రాసుకోవాలి, అదీ సొంత వాక్యం కాకుండా కార్పస్‌లో కనిపించిన నిజం వాక్యంతో. 'అటెంప్ట్' అని కాదు, 'ఇన్ ఆన్ అటెంప్ట్ టు'. 'నీడ్' అని కాదు, 'దేర్ ఈజ్ నో నీడ్ టు'. 'ఎఫర్ట్' అని కాదు, 'మేక్ ఆన్ ఎఫర్ట్ టు'. వాడుకలో ఈ నామవాచకాలు ఎక్కువగా ఇలా ముందూ వెనకా జతతోనే తిరుగుతాయి, ఏ తోక పెట్టాలో గుర్తుచేసేది కూడా ముందున్న ఆ రెండు ముక్కలే. వార్తల హెడ్డింగుల్లో వచ్చే 'ఇన్ ఎ బిడ్ టు' థీసిస్‌లోకి తేవద్దని మాత్రం విడిగా చెప్పాల్సి వచ్చింది, అది పత్రికల మాట.

తర్వాతి అధ్యాయంలో 'పాసిబిలిటీ టు', 'డిఫికల్టీ టు' లేవు, ఆఫ్ పిచ్చి కూడా తగ్గింది. గైడ్ ఆక్వర్డ్‌లు రెండు మూడు పేజీలకు ఒకటి పడుతున్నాయి, అవి వేరే సంగతులవి. ఇంకా తికమక పడుతున్నది 'రెస్పాన్సిబిలిటీ' దగ్గర, బాధ్యతగా చేయాల్సిన పని అయితే టు, ఫలానా పని చూసుకునే బాధ్యత ఎవరిది అన్నప్పుడు ఫర్, కానీ ఆమె వాక్యాల్లో సగం రెండిటికీ సరిపోయేలా ఉన్నాయి, వాటిని అలాగే వదిలేశాను. 'కెపాసిటీ'కి టు, ఫర్ రెండూ చూసి ఏది వాడాలని మెసేజ్ పెట్టింది. వెనక క్రియ ఉంటే టు, నామవాచకం ఉంటే ఫర్ అని రాసి పంపాను, 'కెపాసిటీ టు లెర్న్', 'కెపాసిటీ ఫర్ చేంజ్'. ప్రస్తుతం 'అటెంప్ట్ ఎట్' ఎక్కడి నుంచి వచ్చిందో వెతుకుతోంది.